నా ఊ మీద నడిచిన నవల

మేం చదువుకున్న రోజుల్లో తెలుగు వాచకంలో ప్రతి పాఠానికీ ముందు కవి పరిచయం ఉండేది. కాలం, జన్మస్థలం, తల్లిదండ్రులు, రచనలు, బిరుదులు, శైలి. పరీక్షలో తప్పకుండా వచ్చేది కాబట్టి పద్యం రాకపోయినా కవి పరిచయం మాత్రం గడగడా అప్పజెప్పేవాళ్ళం. ఆ పద్ధతిలో మా ఎదురింటి అమెరికన్ నవలా రచయితను పరిచయం చెయ్యమంటే ఇలా రాస్తాను. కాలం: ఇంకా నడుస్తోంది, చల్లగా ఉండాలి. జన్మస్థలం: మిషిగన్‌లోనే, మంచు ఇక్కడికన్నా ఎక్కువ పడే ఒక మూల. తండ్రి జీవితమంతా కార్ల ఫ్యాక్టరీలో పనిచేశాడు. కొడుకు అందులో అడుగు పెట్టనన్నాడని పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు. రచనలు: ఎనిమిది నవలలు. తొమ్మిదో దాని సంగతి చెప్పడానికే ఇదంతా. బిరుదులు: లేవు. ఒకసారి ఏదో పెద్ద బహుమతికి చివరి జాబితాదాకా వెళ్ళి వెనక్కొచ్చాడు, ఆ మాటెత్తితే ఇప్పటికీ ముఖం మాడ్చుకుంటాడు. శైలి: ఏమీ జరగకపోవడం.

నోటికొచ్చినట్టు అనడం లేదు, ఎనిమిదీ చదివే అంటున్నాను. మా ఫార్మింగ్టన్ హిల్స్ లైబ్రరీలో అన్నీ ఉన్నాయి. ఎవరూ తీసుకెళ్ళరు కాబట్టి ఎప్పుడు వెళ్ళినా ఉంటాయి. ప్రతి దాంట్లో ఒక మగాడు, ఒక గరాజ్, ఒక సరస్సు, విపరీతమైన మంచు. వంటింట్లో భార్య. ఇద్దరి మధ్యా ఏదో పెద్ద మాట పెదవులదాకా వస్తుంది. అంతే, వాడు లేచి బయటికెళ్ళి, మంచు కరగడానికి ఇంటి ముందు డ్రైవ్‌వే మీద ఉప్పు చల్లుతాడు. అధ్యాయం సమాప్తం. పేజీ తిప్పితే వసంతకాలం. అరె, మధ్యలో ఏమైందయ్యా? ఆవిడేమంది? వీడేమన్నాడు? కాపురం నిలిచిందా, లేదా? చచ్చినా చెప్పడు. రెండో నవల అయ్యేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మంటతోనే మిగతా ఆరూ చదివాను, ఒక్కదాంట్లోనైనా వాడు ఉప్పు సంచీ వదిలేసి వంటింట్లో నిలబడతాడేమోనని. నిలబడలేదు. పుస్తకాల వెనక అట్టల మీద మాత్రం విమర్శకులంతా కూడబలుక్కున్నట్టు ఒకే మాట రాశారు: సంయమనం. సంయమనమూ కాదు నా మొహమూ కాదు, పిసినారితనం అని మా ఆయనతో అన్నాను.

ఇక నా పరిచయం. కార్ల కంపెనీలకి విడిభాగాలు అందించే ఒకచోట టెస్టింగ్ ఇంజనీర్ని. టైరులో గాలి తగ్గితే స్టీరింగ్ వెనక పసుప్పచ్చ లైటొకటి వెలుగుతుంది చూడండి, అది వెలగాల్సినప్పుడు వెలుగుతోందా, ఆరాల్సినప్పుడు ఆరుతోందా అని చూడటం నా ఉద్యోగం. పదిమందిలో చెప్పుకుని మురిసిపోయే పని కాదు. తెలుగువాళ్ళ పార్టీల్లో "మీరేం చేస్తారండీ" అని ఎవరైనా అడిగితే "కార్లలో" అని ఒక్క ముక్క చెప్పి బిర్యానీ వైపు నడుస్తాను.

అలాంటిది, ఆ లైటు గురించి అడగడానికి ఒక మనిషి పనిగట్టుకుని రోడ్డు దాటి వచ్చాడు. చలికాలం. నేను కారులోంచి సరుకులు దించుతున్నాను. ఎదురింటి తెల్లాయన, అప్పటిదాకా చెయ్యి ఊపడమే తప్ప మాటల్లేవు, బూట్లతో మంచు తొక్కుకుంటూ వచ్చి నిలబడ్డాడు. "నువ్వు కార్ల వాళ్ళ దగ్గర పనిచేస్తావటగా. టైరు లైటు వెలిగిందనుకో. గాలి నింపగానే ఆరిపోతుందా?" అన్నాడు. ఆయన మాట్లాడేది ఇంగ్లీషే, నేనిక్కడ నా తెలుగులో చెబుతున్నాను.

"వెంటనే ఆరదు. చాలా కార్లలో కాస్త దూరం నడపాలి. అప్పుడు సెన్సార్ కొత్త లెక్క పంపిస్తుంది, అప్పుడు ఆరుతుంది" అన్నాను.

"నడిపేంతసేపూ వెలుగుతూనే ఉంటుందా?"

"ఉంటుంది."

"గాలి నిండుగా ఉన్నా?"

"ఉన్నా కూడా."

ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంకా అడిగాడు. నేను ఇంకా చెప్పాను. కట్టుకున్నవాడు కూడా ఎన్నడూ అడగని ప్రశ్నలు ఒక ముక్కూమొహం తెలియని మనిషి అడుగుతుంటే, ఆ చలిలో ముక్కు కారుతున్నా పట్టించుకోకుండా ఉపన్యాసం దంచాను. సంచీలో కొత్తిమీర గడ్డకట్టి విరిగిపోయింది. చివర్లో అడిగాను, కారేమైనా ఇబ్బంది పెడుతోందా అని. "కారు కాదు, నవల" అన్నాడు.

ఆ సాయంత్రం అన్నం దగ్గర ఈ ముక్క చెప్పగానే మా ఆయన చేతిలో ముద్ద అలాగే ఆగిపోయింది. ఆయనది వరంగల్ వైపు. "ఏందీ? నిజంగ రైటరా? బుక్కులు అచ్చయినయా?" అన్నాడు. అయ్యాయట అన్నాను. "మరి ఇన్నేండ్ల సంది ఎదురుంగనే పెట్టుకొని మనం గాడిదలు కాస్తున్నమా? పిల్ల కాలేజ్ ఎస్సే ఆయనకు చూపియ్యి!"

ఎదురింట్లో ఒక నవలా రచయిత ఉన్నాడని తెలిస్తే ఏం రాశాడు, ఎలా రాశాడు అని ఎవరైనా అడుగుతారు. మనవాళ్ళు మాత్రం ఎస్సే దిద్దుతాడా అని అడుగుతారు. మా అమ్మాయి హైస్కూలు ఆఖరి ఏడాదిలో ఉంది, కాలేజీ దరఖాస్తుతో పాటు తన గురించి తను రాసి పంపాల్సిన ఆ ఎస్సే జ్వరంతో ఇల్లంతా మాడిపోతోంది. నాకు మాత్రం ఆశ లేదా, ఉంది. సిగ్గు విడిచి మర్నాడు వెళ్ళి అడిగాను.

ఆయన వంటింట్లో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాడు. అంత దరిద్రమైన కాఫీ నేను జన్మలో తాగలేదు. "చూస్తాను. బదులుగా నాకొకటి కావాలి. నేను చదువుతాను, నువ్వు వినాలి" అన్నాడు. అప్పుడు చెప్పాడు. ఎనిమిది నవలలూ భార్యకి ఆ వంటింట్లోనే చదివి వినిపించాడట, ఒక్కొక్క అధ్యాయం, రాసింది రాసినట్టు. ఆవిడ పోయి నాలుగేళ్ళు. అప్పట్నుంచీ తొమ్మిదో నవల నడుస్తుంది, ఆగుతుంది, మొదటికొస్తుంది. గోడకి చదివి చూశాడు. పిల్లిని తెచ్చుకుని పిల్లికి చదివాడు, అది లేచిపోయింది. పబ్లిషర్ దగ్గర ఎడిటర్ మొదట నెలనెలా ఫోన్ చేసేది, తర్వాత పండగలకి చేసేది, ఇప్పుడు మానేసింది. "ఇది పూర్తి కాకపోతే నేను ఒకప్పుడు రచయితనని చెప్పుకుని తిరిగే ముసలాణ్ణి. అలాంటి వాళ్ళని చాలామందిని చూశాను. బార్లలో ఉంటారు" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు పాపమనిపించింది.

"ఒక్కటే షరతు. అభిప్రాయం చెప్పకూడదు. మర్యాద కోసం అందరూ అబద్ధాలు చెబుతారు. నేనూ అడగను. ఊరికే విను."

ఇంటికొచ్చి చెబితే మా ఆయన సంబరపడిపోయాడు. "వినుడే కదా! కూసొని విను. అసోసియేషన్ మీటింగుల్ల ఎన్ని స్పీచులు వినలే మనం?"

అలా ప్రతి శనివారం పొద్దున్న నా శ్రవణ కార్యక్రమం మొదలైంది. లైబ్రరీ నుంచి ఆయన పాత నవలలు తెచ్చుకుని చదవడం కూడా అప్పుడే మొదలుపెట్టాను. ఆయన కాగితాలు ముందేసుకుని, వడ్రంగులు వాడే బల్లపరుపు పెన్సిలొకటి చేత్తో పట్టుకుని, తల ఎత్తకుండా చదివేవాడు. నేను ఊ కొట్టేదాన్ని.

ఈ ఊ గురించి చెప్పాలి. మా నాయనమ్మ దగ్గర కథ వినాలంటే ఊ కొట్టి తీరాలి. వాక్యానికొక ఊ. నువ్వు మానేస్తే ఆవిడా మానేసి అటు తిరిగి పడుకునేది. రాజకుమారుడు గుర్రం మీద ఉన్నవాడు ఉన్నట్టే, రాక్షసుడి నోరు తెరిచింది తెరిచినట్టే. మర్నాడు బతిమాలినా మళ్ళీ మొదటినుంచే చెప్పేది. ఆ భయంతో నేర్చుకున్న ఊ కాబట్టి నాకది ఊపిరిలో కలిసిపోయింది. ఎవరైనా వరసగా నాలుగు వాక్యాలు మాట్లాడితే చాలు, నా ప్రమేయం లేకుండా గొంతులోంచి వచ్చేస్తుంది. ఆఫీసు కాల్స్‌లో దీనివల్ల నెత్తిమీదికి తెచ్చుకున్నాను కూడా. మా మేనేజర్ ఏదో చెప్పుకుపోతుంటే అలవాటు కొద్దీ ఊ కొడుతూ కూర్చున్నాను. కాల్ అయ్యాక చూస్తే గడ్డకట్టిన సరస్సు మీద కార్ల పరీక్షలకి నన్ను పంపించడానికి నేనే ఒప్పుకున్నట్టు తేలింది. మా అమ్మాయికి ఇదంటే పరమ చిరాకు. "అమ్మా, స్టాప్ విత్ ద ఊ! నా ఫ్రెండ్స్ నువ్వు సిక్ అనుకుంటున్నారు" అంటుంది. అది మాత్రం చిన్నప్పుడు నా చేత ఊ కొట్టించుకుంటూ ఎన్ని సోది కథలు చెప్పిందో మర్చిపోయింది.

మొదటి శనివారం నా మొదటి ఊ పడగానే పెద్దాయన ఆగాడు. "ఏమిటది?"

"ఏమీ లేదు. వింటున్నానని."

"మా ఆవిడా ఏదో శబ్దం చేసేది. నీ అంత గట్టిగా కాదు" అన్నాడు. మళ్ళీ చదవడం మొదలుపెట్టాడు. ఈసారి గొంతు తేలికపడింది.

నవల మళ్ళీ అదే సరంజామా: మగాడు, గరాజ్, సరస్సు, మంచు. కాకపోతే ఈసారి భార్య స్కూలు బస్సు డ్రైవరు, ఆవిడకి జబ్బు. తన సొంత భార్య గురించే రాస్తున్నాడని నాకు రెండో వారానికే అర్థమైంది. ఆవిడ నిజంగానే స్కూలు బస్సు నడిపేదని మా వీధిలో ఒకావిడ చెప్పింది. బాగున్నచోట బాగుండేది, లేనిచోట ప్రాణం తోడేసేది. చేపల గాలం ఎలా కట్టాలో నాలుగు పేజీలు రాశాడు. ఈక, దారం, ముడి, ఇంకో ఈక, ఇంకో ముడి. ఆ నాలుగు పేజీలూ నేను మిషిగన్ చలికి ఇడ్లీపిండి పొంగకపోవడం గురించి దీర్ఘంగా ఆలోచిస్తూ, ఓవెన్‌లో లైటు వేసి పెట్టాలా, కంబళి కప్పాలా అని తర్జనభర్జన పడుతూ, ముడికొక ఊ చొప్పున కొట్టుకుంటూ పోయాను. ఇంకో వారం ఒక సన్నివేశం వచ్చింది. పిల్లలందరినీ దించేశాక ఖాళీ బస్సులో, రోడ్డు పక్కన ఆపుకుని, ఆ భార్య రేడియో పెట్టుకుని సీట్ల మధ్య ఒక్కతే డాన్స్ చేస్తుంది. అబ్బ, ఎంత బాగుందో. నేను నోరు తెరుచుకుని విన్నాను. మరుసటి వారం ఆయన వెనక్కెళ్ళి ఆ భాగం మళ్ళీ చదివితే అందులో డాన్స్ లేదు. బస్సు ఖాళీ అయింది, షెడ్డుకి వెళ్ళింది, అంతే. ఇంకోచోటికి మార్చి ఉంటాడనుకున్నాను. అడగడానికి లేదుగా, షరతు.

చదువుతూ చదువుతూ మధ్యలో పెన్సిల్‌తో పక్కన గీతలు పెట్టేవాడు. ఊపిరి తీసుకోవాల్సిన చోట్లేమో అనుకున్నాను. నా ఇంజనీరింగ్ బుర్రకి అంతకన్నా తట్టలేదు.

ఈలోగా మా అమ్మాయి ఎస్సే కూడా ఆయన బల్ల మీదికి చేరింది. అదంతా అమ్మమ్మ ఆవకాయ జాడీ, రెండు సంస్కృతుల మధ్య వంతెన, రోబోటిక్స్ టీమ్‌లో నేర్చుకున్న నాయకత్వం. మా ఆయన దగ్గరుండి రాయించాడు. పెద్దాయన దాన్ని ఆసాంతం కొట్టేసి ఒక్క వాక్యం ఉంచాడు: నేను డ్రైవింగ్ నేర్చుకుంటుంటే పక్క సీట్లో మా అమ్మ, లేని బ్రేకును తొక్కుతూనే ఉంటుంది అని. ఇక్కడ్నుంచి మొదలుపెట్టి రాయమన్నాడట. మా ఆయన ఆ కాగితం పట్టుకుని ఇల్లంతా తిరిగాడు. "గిదేం ఎస్సే? వాలంటీరింగ్ ఏడబోయింది? రోబోటిక్స్ ఏడబోయింది? బ్రేక్ మిగిలిందా?" అమ్మాయి మాత్రం రాసింది. నా మీద రాసిందని కాదు గానీ, బాగానే రాసింది.

చలికాలం చివరికొచ్చింది. ఒక శనివారం పెద్దాయన గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. "ఇవాళ ఆఖరిది" అన్నాడు.

ఆఖరి అధ్యాయంలో ఆ మొగుడూపెళ్ళాలు ఆసుపత్రి నుంచి ఇంటికొస్తుంటారు. డాక్టరు చెప్పాల్సింది చెప్పేశాడు. కారులో ఇద్దరూ మాట్లాడరు. అప్పుడు లైటు వెలుగుతుంది. నా లైటే! "గాలి తగ్గింది" అంటాడతను, పొద్దుట్నుంచీ ఆ నోట్లోంచి వచ్చిన మొదటి మాట. "అయితే ఆపు, నింపు" అంటుందామె. గ్యాస్ స్టేషన్‌లో ఆపి దిగుతాడు. నేను అనుకున్నాను, ఇదుగో, వీడు మళ్ళీ ఉప్పు చల్లడానికి పోతున్నాడు అని. తగ్గింది ఒక్క టైరులోనే, అయినా నాలుగింటికీ గాలి కొడతాడు. ఒక్కోదాని దగ్గరా అవసరానికి మించి కూచుంటాడు. లోపలికెళ్ళి ఆమె పక్కన కూర్చోవాలంటే భయం వాడికి. చివరిది ఆమె వైపు టైరు. వాడు అక్కడ గొంతుక్కూర్చుని ఉండగా ఆమె అద్దం దించి, గ్లౌజు తీసి, వాడి తల మీద చెయ్యి పెడుతుంది. ఏమీ అనదు. వాడు లేవడు. వెనక కారువాడు హారన్ కొడతాడు, అయినా లేవడు. తర్వాత ఎప్పటికో మళ్ళీ బయల్దేరతారు. లైటు వెలుగుతూనే ఉంటుంది. "నింపావుగా?" అంటుంది. "వెంటనే ఆరదు. కాస్త దూరం నడపాలి" అంటాడు. ఆమె సీటు వెనక్కి వాల్చుకుని, "అయితే చుట్టు తిరిగి వెళ్దాం" అంటుంది.

అయిపోయింది. వాడు గొంతుక్కూర్చున్న దగ్గర్నుంచి నా గొంతు పూడుకుపోయింది. కళ్ళలో నీళ్ళు ధారగా కారిపోతున్నాయి. ఎనిమిది నవలల పాటు పారిపోయిన మగాడు మొదటిసారి కదలకుండా ఉన్నాడు. ఆయన తల ఎత్తలేదు. కాగితాలు సర్దుకుని "సరే" అన్నాడు, లేచి నాకు వీపు పెట్టి కప్పు కడగడం మొదలుపెట్టాడు. అభిప్రాయం చెప్పకూడదు కదా. మఫ్లర్‌లో మొహం దాచుకుని ఇంటికొచ్చేశాను. బాత్రూములో కుళాయి తిప్పుకుని కాసేపు ఏడ్చాను.

మర్నాడు ఆదివారం మధ్యాహ్నం మా అమ్మాయి ఏదో స్కాలర్‌షిప్ ఎస్సే చూపించడానికి వెళ్ళి వచ్చింది. బూట్లు విప్పుతూ అంది: "అమ్మా, అంకుల్ బుక్ ఎండింగ్ మొత్తం కొట్టేశారు. లైక్, అన్ని పేజెస్ మీద బిగ్ లైన్. వై అని అడిగాను. మీ అమ్మకి నచ్చలేదు అన్నారు. నువ్వు అలా ఎందుకు చెప్పావు? దట్స్ సో మీన్."

అరికాలి మంట నెత్తికెక్కింది. చెప్పులతోనే మంచులోకి దిగాను. కోటు లేదు, కాళ్ళకి సాక్సులు లేవు. మా ఆయన వెనకనుంచి "అరే, ఏమైందే? ఆగు!" అని అరుస్తున్నాడు. తలుపు కొట్టలేదు, తోసుకుని వెళ్ళాను.

"నాకు నచ్చలేదని మీకెవరు చెప్పారు?"

పెద్దాయన బల్ల దగ్గరే ఉన్నాడు. గీసిన గడ్డం ఒక్కరోజులో మాసిపోయింది. "నువ్వే చెప్పావు. ఆగిపోయావు."

"ఏం ఆగిపోయాను?"

"ఆ శబ్దం." పెన్సిల్ ఎత్తి చూపించాడు. "శబ్దం నడిచినంతసేపు కథ నడుస్తోందని లెక్క. శబ్దం ఆగితే మనిషిని పోగొట్టుకున్నానని లెక్క. ఆగినచోట గీత పెడతాను, తర్వాత తీసేస్తాను. నేను ఎప్పుడూ అంతే."

బల్ల మీది కాగితాలు నా వైపు లాక్కున్నాను. "ఆ చేపల గాలం నాలుగు పేజీలూ ఉంచారా?"

"ఒక్క మాట తియ్యలేదు. ప్రతి ముడికీ శబ్దం చేశావు. నీకంత ఇష్టమని..."

"ఇష్టమా! నేను ఇడ్లీపిండి గురించి ఆలోచిస్తున్నా అప్పుడు! బస్సులో డాన్స్ తీసేసింది కూడా అందుకేనా?"

"ఒక్కసారి కూడా అనలేదు నువ్వు."

"అయ్యో నా రాత! ఊ అంటే వింటున్నానని. మెచ్చుకున్నట్టు కాదు. ధ్యాస ఎక్కడున్నా అది దానంతటదే వస్తుంది. ఆగిందంటే నిద్రన్నా పోయి ఉండాలి, గొంతన్నా పూడుకుపోయి ఉండాలి. నిన్న నేను ఏడుస్తున్నానండీ! ఒక్కసారి తలెత్తి నా మొహం చూస్తే మీ సొమ్మేం పోయింది?"

"చదివేటప్పుడు మొహాలు చూడను. మొహాలు అబద్ధం చెబుతాయి" అన్నాడు. చెబుతూ చెబుతూ ఆగాడు. చేతిలో పెన్సిల్ మెల్లగా బల్ల మీద పెట్టాడు. నన్ను కాదు, నా వెనక గోడకున్న అల్మారాని చూస్తున్నాడు.

"మా ఆవిడా ఆగిపోయేది" అన్నాడు.

నేను ఇంకా కోపంలో ఉన్నాను, నాకు వెంటనే ఎక్కలేదు. "ఎక్కడ?" అన్నాను.

"ప్రతి పుస్తకంలోనూ." గొంతు పీలగా వచ్చింది. "రెండు మూడు చోట్ల. శబ్దం ఆగిపోయేది. విసుగొచ్చిందనుకున్నాను. గీత పెట్టేవాణ్ణి. తను అడగలేదు, నేను చెప్పలేదు."

"అచ్చయ్యాక ఆవిడ చదివేది కాదా?"

"విన్నాను కదా, మళ్ళీ ఎందుకు అనేది. మొదటి పేజీలో తన పేరుందా లేదా చూసుకుని అక్కడ పెట్టేసేది."

వెనక్కి తిరిగి చూశాను. అల్మారాలో ఎనిమిది పుస్తకాలు, వరసగా, విప్పినట్టు కూడా లేవు. అప్పుడు ఎక్కింది నాకు. పెదవులదాకా వచ్చి ఆగిన మాటలు, ఉప్పు సంచీలు, హఠాత్తుగా వచ్చిపడే వసంతాలు. వాడు పారిపోలేదు. అక్కడ ఏదో ఉండేది. ఆవిడ ఆ కుర్చీలో కూచుని వింటూ వింటూ, గొంతు పెగలక ఊరుకుండిపోయింది, ఈయన తలెత్తకుండా గీత గీసేశాడు. దానికి దేశంలో విమర్శకులంతా చేరి సంయమనం అని పేరు పెట్టారు. నేను పిసినారితనం అని పెట్టాను. ఆ క్షణాన ఆయన మీద జాలేసింది, కోపమొచ్చింది, నా మీద నాకే చిరాకేసింది, అన్నీ ఒకేసారి.

"ఆ కొట్టేసిన కాగితాలున్నాయా?" అన్నాను.

"వాటితో ఫైర్‌ప్లేస్ వెలిగించుకునేవాళ్ళం" అన్నాడు.

ఇక ఆ ముక్క మీద అనడానికేముంది. బల్ల మీద మా అమ్మాయి మర్చిపోయిన రబ్బరు ఉంది, కాగితాల మీద ఉన్నది పెన్సిల్ గీత. కూర్చుని చెరపడం మొదలుపెట్టాను. ఆయన వద్దనలేదు. కాసేపటికి తనూ ఒక పేజీ తీసుకుని కాగితం చిరగకుండా ఒక చేత్తో అదిమిపెట్టి పట్టుకున్నాడు, నేను రుద్దాను.

ఆ నవల నిరుడు వచ్చింది. బస్సులో డాన్స్ ఉంది. చేపల గాలం ఒక పేజీకి తగ్గింది. ఒక పేరున్న విమర్శకుడు ఈ రచయిత ఆఖరికొచ్చేసరికి తన సంయమనాన్ని కోల్పోయాడని వాపోయాడు. ఆయన ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ మీద అంటించుకున్నాడు. మా అమ్మాయికి కోరుకున్నచోట సీటొచ్చింది, దాంతో ఊళ్ళో తెలుగువాళ్ళంతా పిల్లల ఎస్సేలు పట్టుకుని ఆయన గుమ్మం దగ్గర క్యూ కట్టారు, ఆయన లైట్లార్పి ఇంట్లో లేనట్టు నటించడం నేర్చుకున్నాడు. అదంతా తర్వాతి మాట. ఆ ఆదివారం ఇంకా అయిపోలేదు.

చివరి గీత చెరిపాక లేవబోతున్నాను. నా కాళ్ళు కొంకర్లు పోయాయి. ఆయన కాగితమేమీ ముందు పెట్టుకోకుండా మాట్లాడటం మొదలుపెట్టాడు.

"మొదటి నవలలో వాడు ఉప్పు సంచీ తీసుకుంటాడు."

నేను మళ్ళీ కూర్చున్నాను. "ఊ."

"తలుపుదాకా వెళ్తాడు."

"ఊ."

"ఆమె వెనక్కి తిరగదు. గిన్నెలు కడుగుతూనే ఉంటుంది. కడుగుతూనే, నిన్ననే చల్లావుగా ఉప్పు, అంటుంది."

ఆ వంటింట్లో, ఆ సింకు ముందు, ఆయన్ని అంత బాగా ఎరిగిన ఆవిడ అచ్చంగా కళ్ళ ముందు నిలబడింది. పుస్తకంలో వాడు బయటికెళ్ళి చల్లాడు. కొట్టేసిన పేజీల్లో వెళ్ళలేదన్నమాట. నా గొంతు మళ్ళీ పూడుకుపోయింది. ఆయన ఆగాడు. ఎదురుచూశాడు. శబ్దం రాలేదు. చెయ్యి పాత అలవాటు కొద్దీ పెన్సిల్ వైపు వెళ్ళింది. మధ్యలో ఆగి, తలెత్తి, మొదటిసారి నా మొహంలోకి చూశాడు.

నేను ముక్కు తుడుచుకుని, ఉన్న బలమంతా కూడదీసుకుని, "ఊ" అన్నాను.